గీత పడితే జబ్బున్నట్టేనా?



మాటల్లో పడే ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ వేలికొసన సూదితో చిటుక్కున గుచ్చాననుకోండి. రెండు చుక్కల లోపు రక్తం చాలు. కొలిచి చెప్పాలంటే 75 మైక్రోలీటర్లు. దాన్ని సన్నటి గాజు గొట్టంలోకి తీసి, ఒక కాగితపు పట్టీ మొదట్లో మెల్లగా వదిలాను. ఎర్రటి తడి పట్టీ వెంట పైకి పాకుతోంది. ఇప్పుడు గడియారం చూసుకోండి. సరిగ్గా పది నిమిషాలు ఆగాలి. ఈలోగా మనం కబుర్లు చెప్పుకుందాం.

ఆ పట్టీ బోదకాలు జబ్బుకు సంబంధించింది. నేను రాజోలు దగ్గర పుట్టి, మండల ఆస్పత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మైక్రోస్కోపు గొట్టంలోకి తొంగి చూసిన కన్ను కాబట్టి, జబ్బును మనిషి వైపు నుంచి కాక రక్తపు చుక్క వైపు నుంచి చెప్పడం నాకు అలవాటు. ఆ లోపం మన్నించాలి.

అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో మన కోనసీమ. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక కరువు మాట మరిచిపోయాం. పొలాలకు నీరు పారే పిల్ల కాలువను మనవైపు బోదె అంటాం. బోదెకూ బోదకాలుకూ మాటలో చుట్టరికం ఉందని నేను చెప్పబోవడం లేదు కానీ, నిలవ నీటికీ ఆ జబ్బుకూ చుట్టరికం ఉంది. ఇళ్ళ పక్క మురుగ్గుంటలు, మూతలు పగిలిన సెప్టిక్ ట్యాంకులు, కదలని మురుగు కాలువలు, ఇలాంటి కుళ్ళు నీళ్ళలోనే క్యూలెక్స్ దోమ గుడ్లు పెడుతుంది. ఆ దోమ మోసుకొచ్చే పురుగు పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పట్టుచీర అంచు చూస్తున్నట్టు నటిస్తూ, కాళ్ళు వాచాయేమోనని పాదాలు చూసేవారని మా మామ్మ చెప్పేది.

నా చిన్నతనంలో ఫైలేరియా వాళ్ళు, అంటే బోదకాలు పరీక్షలు చేసేవాళ్ళు, రాత్రి పదింటికి వచ్చేవారు. చేతిలో టార్చిలైటు, చంకన గాజు పలకల పెట్టె. మేం గడ్డిమేటు వెనక దాక్కునేవాళ్ళం. పగలంతా ఖాళీగా ఉండి ఈ అర్ధరాత్రి నిద్రలేపడం ఏమిటని మా తాతయ్య విసుక్కునేవారు. దానికి కారణం పురుగు దగ్గర ఉంది. తల్లి పురుగు తెల్లటి దారప్పోగులా ఎనిమిది, పది సెంటీమీటర్ల పొడవుంటుంది. గజ్జల్లో, కాళ్ళలో, వృషణాల దగ్గర ఉండే శోషరస నాళాల్లో కాపురముంటుంది. అది పెట్టే పిల్లల్ని మైక్రోఫైలేరియా అంటారు. అవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య పైకి, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దోమ కుట్టే వేళకు సరిగ్గా హాజరవుతాయన్నమాట. 1872లో తిమోతీ లూయిస్ కలకత్తాలో మనిషి రక్తంలో వీటిని చూశాడు. 1877లో పాట్రిక్ మాన్సన్ చైనాలోని అమోయ్ రేవులో ఇవి దోమ ఒంట్లో పెరుగుతాయని కనిపెట్టాడు.

తడి రక్తపు చుక్కలో వాటిని బతికుండగా చూడాలి. ఎర్ర కణాలు అరిసెల మీద నువ్వుల్లా పరుచుకుని ఉంటాయి. ఉన్నట్టుండి ఒక మూల కణాలు చెల్లాచెదురవుతాయి. మధ్యలో ఒక సన్నటి కొరడా అటూ ఇటూ విదిలించుకుంటూ ఉంటుంది. పొడవు పావు మిల్లీమీటరు. మొదటిసారి చూసిన రోజు నేను రాత్రి అన్నం తినలేదు.

అలా చూసింది ఎవరి రక్తంలో అనుకున్నారు? కొబ్బరి దింపులు తీసే ఒక కుర్రాడి రక్తంలో. గెలలు భుజాన వేసుకుని గట్టు మీద పరుగెత్తేవాడు. కాలు వాపు లేదు, జ్వరం లేదు, బిళ్ళ కట్టలేదు. అదే వారం ఒక మామ్మగారి కాలు చూశాను. రోలంత కాలు. వేళ్ళ మధ్య చర్మం పగిలి నీరు కారుతోంది. ఆవిడ పలక రాత్రిపూట తీసినా ఖాళీగా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత, ఈ పట్టీలు వచ్చాక, అలాంటి కాళ్ళున్నవాళ్ళకు పట్టీ మీద వేసి చూస్తే చాలామందికి అదీ ఖాళీయే.

"మామ్మగారూ, మీ రక్తంలో పురుగు లేదండి."

"మరి ఈ కాలేంటి నాయనా?"

ఆ ప్రశ్నకు జవాబే ఇవాళ్టి నా ప్రసంగం. పురుగు ఎప్పుడో చచ్చిపోయింది. పోతూ పోతూ నాళాలను పాడుచేసి పోయింది. పాడైన నాళాల్లోంచి నీరు పైకి ఎక్కలేక కాలు ఉబ్బుతుంది, పదేపదే చీము పట్టి మందమవుతుంది. అంటే కాలు చూసి పురుగు ఉందో లేదో చెప్పలేం. పురుగున్నవాడు మన పక్కనే హాయిగా తిరుగుతుంటాడు. వాడి నుంచి దోమకు, దోమ నుంచి మన పిల్లలకు. కాబట్టి ఒంటిని కాదు, రక్తాన్ని అడగాలి. రక్తంలో చెప్పేవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ ఒకే మాట చెప్పరు.

మొదటి సాక్షి మీకు బాగా తెలిసినవాడే. మన జిల్లాల్లో దగ్గు తగ్గకపోతే, రాత్రిళ్ళు పిల్లికూతలు వస్తే, "ఇస్నోఫిలియా అండి" అంటారు. ఇసినోఫిల్ అనేది తెల్లకణాల్లో ఒక రకం. పురుగుల మీద, ఎలర్జీల మీద పోట్లాడటం దాని పని. దీని వెనక తెలుగునాట జరిగిన ఒక కథ ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రిలో ఫ్రిమాట్-మోలర్ అనే డేనిష్ డాక్టరు ఉండేవారు. ఆయన దగ్గరికి టీబీ అని పంపిన రోగుల్లో కొందరికి ఎక్స్‌రేలో మచ్చలున్నాయి, దగ్గుంది, కానీ టీబీ సూక్ష్మజీవి లేదు. రక్తం చూస్తే ఇసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. ఆయన, బార్టన్ అనే సహచరుడితో కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఆ సంగతి రాశారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు. తర్వాత తేలిందేమిటంటే, అది బోదకాలు పురుగు పిల్లల మీద ఒళ్ళు పెట్టే పెడబొబ్బ. పిల్ల పురుగులు ఊపిరితిత్తుల్లోకి రాగానే కొందరి ఒళ్ళు అతిగా స్పందిస్తుంది. రక్తంలో పురుగు ఒక్కటి కూడా కనపడదు, ఇసినోఫిల్స్ మాత్రం మైక్రోలీటరుకు మూడు వేలు దాటిపోతాయి. ఇది ఫైలేరియాలో ప్రత్యేకమైన రూపం, ఎక్కువమందికి రాదు. మూడు వారాలు బోదకాలు మాత్రలు వాడితే దగ్గు తగ్గుతుంది, లెక్క దిగుతుంది. లెక్క దిగడమే మందు పనిచేసిందనడానికి గుర్తు.

అయితే ఈ సాక్షిని పూర్తిగా నమ్మకూడదు. తోటలో కుక్క మొరిగిందంటే దొంగ వచ్చాడనే కాదు, ముంగిస కూడా అయి ఉండొచ్చు. కొంకిపురుగుకీ ఇసినోఫిల్స్ పెరుగుతాయి, ఏలికపాములకీ పెరుగుతాయి, ఉబ్బసానికీ పెరుగుతాయి. దగ్గొచ్చిన ప్రతివాడూ మెడికల్ షాపుకెళ్ళి "ఇస్నోఫిలియా మాత్ర ఇవ్వండి" అనడం మన ఊళ్ళలో ఒక దురలవాటు.

రెండో సాక్షి యాంటీబాడీ. ఒంట్లోకి వచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకునే ప్రోటీను. ఇందులో ఒక తమాషా ఉంది. ఐజీజీ4 అని ఒక తరగతి యాంటీబాడీ ఉంది. మామూలు మనిషిలో మొత్తం ఐజీజీలో దాని వాటా నూటికి నాలుగైదు పాళ్ళు మించదు. పురుగు ఒంట్లో ఏళ్ళ తరబడి తిష్ట వేస్తే ఇది బాగా పెరుగుతుంది. ఐజీఈ అనే మరో తరగతి గంట కొట్టి అందర్నీ లేపే రకం. ఐజీజీ4 ఆ గంట నాలుక పట్టుకుని మోగకుండా ఆపే రకం. అందుకే రక్తం నిండా పురుగు పిల్లలున్న కుర్రాడు జ్వరమన్నది ఎరగకుండా దింపులు తీసుకుంటూ తిరుగుతాడు. అతని రక్తంలో ఐజీజీ4 ఎక్కువ. పురుగు మన కాపలావాణ్ణే బుజ్జగించి తన కాపురం సాగించుకుంటుంది. కాళ్ళు లావెక్కినవాళ్ళలో ఈ తూకం వేరు, అక్కడ బుజ్జగింపు తక్కువ, పోట్లాట ఎక్కువ.

కానీ యాంటీబాడీ జ్ఞాపకం లాంటిది. పురుగు పోయినా అది వెంటనే పోదు. కోనసీమలో పుట్టి పెరిగిన అరవయ్యేళ్ళ మనిషికి యాంటీబాడీ ఉందని తేలితే, ఆయన కోనసీమలో ఉన్నాడని తేలినట్టు, అంతే. అదే ఆరేళ్ళ పిల్లకు తేలితే అది పెద్ద వార్త. ఈమధ్యే ఆ పురుగు మోసే దోమ ఆ పిల్లను కుట్టిందని అర్థం. డబ్ల్యూబీ123 అనే ఒక యాంటీబాడీ పరీక్ష, దోమ నుంచి అప్పుడే వచ్చిన లార్వాను ఒళ్ళు గుర్తించిందా లేదా అనేది చూస్తుంది. ఊళ్ళో జబ్బు మళ్ళీ తలెత్తుతోందా అని ముందుగా పసిగట్టేది ఇలాంటివే.

మూడో సాక్షి యాంటిజెన్. ఇది మన ఒంటి మాట కాదు, పురుగు తానే విడిచే పదార్థం. పెద్ద పురుగు నాళంలో కూర్చుని కొన్ని ప్రోటీనులు వదులుతుంది, అవి రక్తంలో పగలూ రాత్రీ తిరుగుతాయి. వాటిని పట్టాలంటే వాటికి మాత్రమే అతుక్కునే యాంటీబాడీ కావాలి. అలాంటి ఒకే జాతి యాంటీబాడీలను ల్యాబులో ఎంత కావాలంటే అంత తయారుచేసే కిటుకు 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. ఆస్ట్రేలియాలో పశువులకు గడ్డలు తెచ్చే ఒక పురుగు మీద అలాంటి యాంటీబాడీ తయారుచేశారు. మనిషి బోదకాలు పురుగు పదార్థాన్నీ అది పట్టుకుంటుందని తేలింది. ఆవుల పురుగు మనుషుల పురుగును పట్టిచ్చిందన్నమాట. ఈ పరీక్షల వల్లే అర్ధరాత్రి టార్చిలైటు అవసరం తగ్గింది. పట్ట పగలు, బడి వరండాలో కూర్చుని చూడొచ్చు.

పది నిమిషాలు అయిందండి. పట్టీ చూద్దాం.

పట్టీ మీద ఒక గులాబీ గీత ఉంటే, పరీక్ష సరిగ్గా జరిగింది, పురుగు ఆనవాలు లేదు. రెండు గీతలుంటే ఉంది. అసలు గీతే లేకపోతే పట్టీ చెడిపోయింది, ఇంకోటి వేయాలి. ఇది ఆలస్యం చేయకుండా చూడాలి. ఆకలేసి టీ తాగొచ్చి ఇరవై నిమిషాలకు చూస్తే, లేని గీత ఒకటి లీలగా తేలి కనపడొచ్చు. ఆ గీతను నమ్మితే ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి రోగిని చేసినట్టే. అందుకే నేను కొత్త కుర్రాళ్ళకు ముందు గడియారం చూడటం నేర్పేవాణ్ణి, తర్వాతే రక్తం తీయడం.

ఇక మందు సంగతి. ఈ జబ్బుకు మందు కనిపెట్టింది మనవాడే. వశిష్ఠ దాటితే పశ్చిమ గోదావరి, అక్కడ భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1922లో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు చదివారు. తర్వాత లెడర్లీ లేబొరేటరీస్‌లో పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడు, 1947లో డైఇథైల్‌కార్బమజైన్, పొట్టిగా డీఈసీ, వెలుగులోకి వచ్చింది. హెట్రజాన్ అని అమ్మారు. పసిఫిక్ దీవుల్లో యుద్ధం చేసిన అమెరికా సైనికులకు ఈ పురుగు తగలడంతో అక్కడ ఆసక్తి పెరిగింది. వాళ్ళకు తాత్కాలిక బాధ, మనకు తరాల బాధ. ఆయన ఆ మరుసటేడు, 1948లో పోయారు. మన గోదావరి వాళ్ళు నేటికీ ఆ మాత్రే మింగుతున్నారు.

ఆ మాత్రతో వచ్చిందే ఒక గొడవ. ఒకసారి ఒకాయన నా బల్ల ముందు నిలబడి కోపంగా అడిగాడు.

"ఏవండీ, మాత్రలు మింగి ఏడాదైంది కదండీ. ఇంకా రెండో గీత పడతందేంటండీ? మీ మాత్రలు ఉత్తివా, మీ పట్టీ ఉత్తిదా?"

రెండూ ఉత్తివి కాదు. ఆ మాత్ర పురుగు పిల్లల్ని రోజుల్లో ఊడ్చేస్తుంది. పెద్ద పురుగుల్ని కొన్నింటినే చంపుతుంది. పిల్లలు పోయిన ఇంట్లో ముసలి దంపతులు మిగిలినట్టు, పెద్ద పురుగు మిగిలి తన యాంటిజెన్ వదులుతూనే ఉంటుంది. అది ఆరేడేళ్ళు బతుకుతుంది. పిల్లలు లేవు కాబట్టి దోమకు అంటించదు, కానీ గీత మాత్రం పడుతుంది. ఆయనకు రాత్రి రక్తం తీసి చూశాను, పలక ఖాళీ. మందు పనిచేసిందా అని తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది పలక, తర్వాత ఏటేటా పలుచబడే గీత. ఐజీజీ4 దిగే వేగం వేరు. మూడు గడియారాలు, మూడు వేగాలు. ఒక గడియారం టైము ఇంకోదాని మీద చదివితే తప్పు తేలుతుంది.

ఇంకో గడియారం మన ఒంట్లోనే ఉంది. మాత్ర మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు వస్తాయి. "మందు పడలేదండి, మళ్ళీ ఎప్పుడూ మింగను" అంటారు. అసలు సంగతి తిరగేసి చూడాలి. రక్తంలో పురుగు పిల్లలు ఎంత ఎక్కువుంటే, అవి ఒక్కసారిగా చచ్చినప్పుడు ఒళ్ళు అంత గోల చేస్తుంది. ఏమీ లేనివాడికి సాధారణంగా ఏమీ కాదు. జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, మరీ ఎక్కువైతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కానీ ఆ జ్వరానికి భయపడి, మరుసటేడు మాత్రలు తీసుకుని కొబ్బరి చెట్టు మొదట్లో పారేసినవాళ్ళను నేను చూశాను. మా ఇంట్లోవాళ్ళే ఒకరున్నారు, పేరు చెప్పను.

2004 నుంచి దేశంలో జబ్బున్న జిల్లాల్లో ఏటా ఒకరోజు అందరికీ మాత్రలిచ్చే పని పెద్ద ఎత్తున సాగింది. తూర్పు గోదావరీ అందులో ఉంది. డీఈసీతో పాటు ఆల్బెండజోల్. పెద్ద పురుగు బతికినంత కాలం ఏటేటా పిల్లల్ని తుడిచేస్తుంటే, అది ముసలిదై పోయేనాటికి దోమకు అందేది ఏమీ ఉండదు, అదీ లెక్క. అందుకే కనీసం ఐదేళ్ళు, జనంలో నూటికి అరవై ఐదుగురికి తగ్గకుండా మింగాలన్నారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇవ్వొచ్చంది, మన దేశంలో 2018 చివర్లో అది మొదలైంది. ఇవన్నీ తిన్నాక మింగాలి, ఇచ్చేవాళ్ళ ఎదుటే మింగాలి. గర్భిణులు, రెండేళ్ళ లోపు పిల్లలు, మంచం పట్టినవాళ్ళు వద్దు.

మాత్రలు ఆపొచ్చా అని తేల్చేది మళ్ళీ ఆ పట్టీయే. ఆరు, ఏడేళ్ళ పిల్లల్ని బళ్ళలో పరీక్షిస్తారు. పెద్దవాళ్ళకు గీత పడితే అది పాత పురుగు కావొచ్చు. ఆరేళ్ళ పిల్లకు పడితే పురుగు కొత్తదే. క్యూలెక్స్ దోమ ఉన్న చోట నూటికి రెండుకు లోపుంటే మాత్రలు ఆపుతారు. ఒక్క పరీక్షతో సరిపెట్టరు, కొన్నేళ్ళ ఎడంతో మళ్ళీ చూస్తారు. శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా లేదని నిరూపించుకున్నాయి. వాళ్ళకున్న దోమ మనకున్న దోమే, వాళ్ళ మురుగు మన మురుగు లాంటిదే. మన దేశం 2027ను గడువుగా పెట్టుకుంది. నా మాట అడిగితే, గడువు కంటే ఆ తర్వాత పదేళ్ళు పిల్లల రక్తం మీద కన్నేసి ఉంచడం ముఖ్యం. జబ్బు కనపడని ఊళ్ళో పరీక్షలు ఆపేయడం మనకు బాగా అలవాటు.

రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వ ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఉంది. మా తరం టెక్నీషియన్లు చాలామంది అక్కడ పలకల మీద చూపు సరిచేసుకున్నవాళ్ళే. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌లో వృషణాల దగ్గరి నాళాల్లో పెద్ద పురుగులు మెలికలు తిరగడం నేరుగా చూడొచ్చు. దాన్ని 1994లో బ్రెజిల్‌లో మొదటిసారి గమనించి ఫైలేరియా నాట్యం అన్నారు. మందు వాడాక ఆ ఆట ఆగిందా లేదా అని తెర మీదే తెలుస్తుంది. పురుగును చూడటానికి మనిషి ఎన్ని కిటికీలు తెరిచాడో.

కాలు వాచిన పెద్దలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. మీ రక్తంలో గీత పడకపోయినా, మాత్రలతో కాలు సన్నబడకపోయినా, చేయగలిగింది చాలా ఉంది. రోజూ సబ్బుతో, మామూలు నీళ్ళతో కాలు కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. పడుకున్నప్పుడు కాలు కింద దిండు పెట్టండి. పుండు పడితే, జ్వరం వస్తే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ఈ జబ్బుతో వచ్చే వరిబీజానికి ఆపరేషన్ ఉంది, సిగ్గుపడి దాచుకోకండి.

ఇక బడిలో పిల్లలకు రక్త పరీక్ష ఉందని టీచరుగారు చీటీ పంపినరోజు, ఆ పిల్లను ఇంట్లో ఆపకండి. ఒక సూది గుచ్చు, పది నిమిషాలు, అంతే.